ఒళ్ళు తెరిచి చూశారు, దస్త్రం మూసి పెట్టారు

(మన దస్త్రాలు – 9వ భాగం)



ఎనిమిదో భాగంలో ఇళ్ళ స్థలాల పట్టాల గురించి రాశాను. అది చదివి ఫోన్ చేసిన పిల్లల్లో ఎక్కువమంది పట్టాల సంగతి అడగలేదు. "అన్నా, రాత్రిపూట పని నుంచి వస్తుంటే ఆపి జేబులు తడుముతున్నారు. బండి డిక్కీ తీయిస్తున్నారు. ఫోన్ లాక్కుని వాట్సాప్ చూస్తున్నారు. ఆ హక్కు వాళ్ళకుందా?" అని అడిగారు.

సెక్షన్ నంబర్లు చెప్పి ఊరుకోవచ్చు. చివర్లో చెబుతాను కూడా. కానీ నంబరు ఒక్కటే తెలిస్తే స్టేషన్ గడప తొక్కేసరికి మర్చిపోతాం. అది మన దాకా ఎలా వచ్చిందో, ఎవరు దెబ్బలు తింటే వచ్చిందో తెలిస్తే మర్చిపోం. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తరతరాలుగా మన ఒళ్ళు సర్కారుకి తెరిచే ఉంది. మన గురించి సర్కారు రాసుకున్న దస్త్రం మాత్రం మనకి మూసే ఉంది. సోదా విషయంలో హక్కులు ఒక చట్టంలో, సమాచార హక్కు ఇంకో చట్టంలో ఉండొచ్చు. మనకి మాత్రం రెండూ ఒకటే పోరాటం.

1

1855లో మద్రాసులో ఒక ప్రభుత్వ రిపోర్టు అచ్చయింది. టార్చర్ కమిషన్ రిపోర్టు అంటారు దాన్ని. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు దొరలు రాశారు. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో రెండు తెలుగు మాటలు దొరుకుతాయి: చీరాటా, గింజేరి. మొదటిది రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నిమ్మకాయ పిండినట్టు పిండడం. రెండోది మనిషిని వంచి, తాడుతోనో అతని బట్టతోనో ఆ వంగిన మనిషిని అలాగే కట్టి పడెయ్యడం. మన భాషలోని ఈ మాటలు ఇవాళ ఎవరి నోటా వినపడవు. సర్కారు కాగితంలో మాత్రం బతికే ఉన్నాయి.

ఎవరు చేసేవాళ్ళు ఈ పని? అప్పట్లో శిస్తు వసూలు చేసేదీ తహసీల్దారే, పోలీసు పెత్తనం చేసేదీ తహసీల్దారే. అతని కింద బంట్రోతులు, తలారులు. శిస్తు కట్టలేని రైతుకీ, దొంగతనం ఒప్పుకోని అనుమానితుడికీ ఒకటే మందు.

ఈ రిపోర్టు దొరల దయ వల్ల రాలేదు. గాజుల లక్ష్మీనరసు శెట్టి అని మద్రాసులో వ్యాపారం చేసిన తెలుగాయన ఉన్నాడు. క్రెసెంట్ పత్రిక నడిపాడు, మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. 1853లో డాన్బీ సేమూర్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఇక్కడికి వస్తే, ఆయన్ని వెంటబెట్టుకుని తిప్పి దెబ్బలు తిన్నవాళ్ళని చూపించాడు. మరుసటి ఏడు లండన్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. అప్పుడు కమిషన్ వేశారు. వందల మైళ్ళు నడిచి జనం మద్రాసు చేరారు. దాదాపు రెండు వేల ఫిర్యాదులు అందాయి.

అంతకు ముందు ఈ దెబ్బలు లేవా? ఉన్నాయి. కాగితం మీద లేవు. కాగితం మీద లేనిది సర్కారు లెక్కలో జరగనట్టే. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి. ఆ రిపోర్టులో ఎక్కువగా వినిపించేది శిస్తు కట్టే రైతు గోడు. సెంటు భూమి లేని పాలేరు తహసీల్దారు దాకా ఎందుకు పోతాడు? అతన్ని కొట్టడానికి ఊళ్ళో ఆసామి చాలు. మన పెద్దల దెబ్బలకి కమిషన్ కూడా లేదు.

రిపోర్టు తర్వాత పన్నునీ పోలీసునీ విడదీశారు. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. 1861లో దేశానికి పోలీసు చట్టం, మొదటి నేర ప్రక్రియా స్మృతి వచ్చాయి. 1861 పోలీసు చట్టం 44వ సెక్షన్ ఒక పుస్తకం పెట్టమంది. స్టేషన్‌కి వచ్చిన ఫిర్యాదులు, అరెస్టయినవాళ్ళ పేర్లు, వాళ్ళ దగ్గర దొరికిన వస్తువులు అన్నీ అందులో రాయాలి. ఇవాళ మనం జీడీ, జనరల్ డైరీ అంటున్నది దాని వారసత్వమే. ఒంటి మీద చెయ్యి వేసే అధికారమూ, వేసిన చెయ్యి గురించి రాసే బాధ్యతా ఒకే కాలంలో పుట్టాయి. అధికారం వీధిలోకి వచ్చింది. పుస్తకం బీరువాలోనే ఉండిపోయింది.

2

పదేళ్ళు తిరిగేసరికి 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాల్ని, తెగల్ని పుట్టుకతోనే నేరస్తులని గెజిట్‌లో ప్రకటించే చట్టం ఇది. అలా ప్రకటించడం తప్పని ఏ కోర్టుకీ వెళ్ళే దారి లేకుండా రాశారు. 1911 చట్టంతో ఇది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన దగ్గర ఎరుకలవాళ్ళు, యానాదులు, మరికొన్ని సంచార కులాలు దీని కింద నలిగారు.

రిజిస్టర్‌లో పేరు. పేరు పక్కన వేలిముద్ర. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిలో సెటిల్మెంటుగా మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవి చేసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. కావలి వైపు కప్పరాళ్ళతిప్ప అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికింద నడిచింది. ఆ ఊళ్ళ పేర్లు మన సినిమాలకి సరుకయ్యాయి. అక్కడ పుట్టిన పిల్లవాడికి మాత్రం ఉద్యోగం ఫారంలో ఊరి పేరు రాయడమే శిక్ష అయింది.

నేను మాలపల్లెలో పుట్టినవాణ్ణి. ఎరుకల అన్నల బాధ నాదని చెప్పుకోను. కానీ ఆ చట్టం పోలీసుకి నేర్పిన పాఠం మనందరి మీదా ప్రయోగమైంది. ముందు మనిషిని చూడు, కులం అడుగు, నేరం తర్వాత వెతుకు. ఇదీ ఆ పాఠం.

స్వాతంత్ర్యం వచ్చాక అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అప్పటికే మద్రాసులో హ్యాబిచ్యువల్ అఫెండర్స్ చట్టం తెచ్చి పెట్టుకున్నారు. అంటే అలవాటుపడ్డ నేరస్తుల చట్టం. పేరులోంచి కులం తీసేశారు, రిజిస్టర్ మాత్రం ఉంచుకున్నారు. దాని పక్కనే పోలీసు మాన్యువళ్ళ కింద హిస్టరీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు, రౌడీ షీట్లు నడుస్తూనే ఉన్నాయి. మన మీద షీటు ఉందన్న సంగతి మనకే తెలియదు. పండగకో ఎన్నికలకో స్టేషన్‌కి పిలిచి కూర్చోబెట్టినప్పుడు తెలుస్తుంది.

ఇది నా ఆవేశం మాత్రమే అనుకునేవాళ్ళు రెండు తీర్పులు చూడండి. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీల అమాయకుల మీద కేవలం పుట్టుకని బట్టి హిస్టరీ షీట్లు తెరవకూడదని సుప్రీంకోర్టు తనంతట తానే రాష్ట్రాల వైపు తిరిగి హెచ్చరించింది. అదే ఏడు అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో జైలు రిజిస్టర్లలోంచి కులం కాలమే తీసెయ్యమంది. 1871లో రాసిన గీత 2024లో చెరపమన్నారు. మధ్యలో 153 ఏళ్ళు.

3

ఇప్పుడు సోదా సంగతి. 1898 నేర ప్రక్రియా స్మృతిలోనే ఒక మాట ఉంది. ఆడమనిషిని సోదా చెయ్యాల్సి వస్తే ఇంకో ఆడమనిషే చెయ్యాలి, మర్యాద తప్పకుండా చెయ్యాలి. 1973 చట్టంలో అది 51వ సెక్షన్ రెండో క్లాజు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 49వ సెక్షన్ రెండో క్లాజు. నూటపాతికేళ్ళుగా మాట మారలేదు.

ఆ మాట మన ఆడవాళ్ళ దాకా వచ్చిందా? మా నాయనమ్మ చెప్పేది. వేరుశనక్కాయలు ఏరి సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు గట్టు మీద ఆసామి మనిషి నిలబడేవాడు. ఒక్కొక్కరూ చెంగు విప్పి, ఒడి దులిపి చూపించి దాటాలి. రెండు కాయలు రాలితే ఆ రోజు కూలి పోయినట్టే. అది ఏ సెక్షన్ సోదా? ఏ ఆడ కానిస్టేబుల్ ఉంది అక్కడ? మన ఇళ్ళల్లో సోదా అంటే మొదట పోలీసు కాదు, చేలో గట్టు. పోలీసు దాని తర్వాత వచ్చాడు. అందుకే జేబులు తియ్యి అనగానే మన చేతులు వాటంతటవే లేస్తాయి. అది పిరికితనం కాదు, నాలుగు తరాల అలవాటు.

ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది, జాగ్రత్తగా వినండి. ఇల్లు సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతంలోని ఇద్దరు, అంతకన్నా ఎక్కువమంది గౌరవనీయులైన నివాసులు సాక్షులుగా ఉండాలి. 1898లోనూ ఉంది, ఇప్పటి 103వ సెక్షన్లోనూ ఉంది. 1973లో స్వతంత్రులైన అనే మాట కలిపారు. మాలపల్లెలో సోదా జరిగితే గౌరవనీయులు ఎవరు? ఊళ్ళోంచి ఎవర్ని పిలుస్తారు? పల్లెవాళ్ళకీ ఊరివాళ్ళకీ గొడవైన కేసులో ఊరి పెద్దే పంచనామా మీద సంతకం పెడితే అతను స్వతంత్రుడెలా అవుతాడు? చట్టం ఎక్కడా కులం అనలేదు. పల్లెలో మనుషులు కూడా గౌరవనీయులే. ఆ మాట మనం నోరు విప్పి అనాలి: "మా పేటలోవాళ్ళని సాక్షులుగా పెట్టండి సార్, మేమూ ఈ ప్రాంత నివాసులమే."

4

రాజ్యాంగం వచ్చింది. 1949 సెప్టెంబర్ 15న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఒక కొత్త అధికరణం ప్రవేశపెట్టారు. అదే ఇవాళ్టి 22వ అధికరణం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలుని కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. స్వేచ్ఛకి ఉన్న రక్షణ చాలలేదన్న అసంతృప్తి సభలో ఉంది. దానికి ఇది కొంత పరిహారం అన్న అర్థంలో బాబాసాహెబ్ మాట్లాడారు. అరెస్టు అనే మాట వెనక ఏముంటుందో ఆయనకి తెలుసు.

సోదా విషయంలో మాత్రం కోర్టులు నెమ్మదిగా కదిలాయి. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది జడ్జీలు, అమెరికా రాజ్యాంగంలో సోదాల మీద ఉన్నలాంటి రక్షణ మన రాజ్యాంగంలో పెట్టలేదు అన్నారు. 1962లో ఖరక్ సింగ్ కేసు. హిస్టరీ షీటు పేరుతో అర్ధరాత్రి తలుపు కొట్టి లేపే పద్ధతిని కొట్టేశారు, కానీ గోప్యత హక్కు ఉందని ఒప్పుకోలేదు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఆ పాత మాటల్ని పక్కనబెట్టి, గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. మన జేబు, మన ఫోను, మన ఒళ్ళు అన్నీ దాని కిందకే వస్తాయి.

మధ్యలో ఒక ఉత్తరం ఉంది. 1986లో పశ్చిమ బెంగాల్ లీగల్ ఎయిడ్ సంస్థ నుంచి డి.కె. బసు లాకప్ చావుల మీద సుప్రీంకోర్టుకి ఉత్తరం రాశారు. పదేళ్ళ తర్వాత, 1996 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. పదకొండు ఆదేశాలు. వాటిలో ఎక్కువ భాగం కాగితం గురించే, గమనించండి. అరెస్టు మెమో రాయాలి, టైమూ తేదీ వెయ్యాలి, కుటుంబంలోనో ఊళ్ళోనో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. పోలీసుల పేరు బిళ్ళ కనపడాలి. అరెస్టయినవాడు అడిగితే ఒంటి మీద చిన్నా పెద్దా గాయాలన్నీ రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, నకలు ఇవ్వాలి. కస్టడీలో ఉన్నన్నాళ్ళూ 48 గంటలకొకసారి డాక్టర్ చూడాలి. ఎవర్ని కబురు చేశారో డైరీలో ఎక్కించాలి.

కోర్టు చెప్పింది అర్థమైందా? లాఠీని ఆపడానికి ఇంకో లాఠీ పెట్టలేదు. కలం పెట్టింది.

అయినా ఆగలేదు. 2020 జులైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. ఎస్సైని సస్పెండ్ చేసి, ఎస్సీ ఎస్టీ చట్టం కింద అరెస్టు చేశారు. బలవంతంగా బట్టలిప్పడం, గుండు గీయడం, మీసం తియ్యడం ఆ చట్టం 3వ సెక్షన్లో 2015 సవరణతో స్పష్టంగా నేరాలయ్యాయి. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో, దొంగతనం అనుమానం మీద తీసుకొచ్చిన ఒక దళిత తల్లి చనిపోయింది. వంటపని చేసుకుని బతికే మనిషి. మళ్ళీ పోస్టుమార్టం చెయ్యమని హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మొదటి కాగితం నమ్మదగ్గదైతే రెండోసారి పాతిపెట్టిన తల్లిని ఎందుకు బయటికి తియ్యాలి?

5

ఇప్పుడు దస్త్రం కథ. 1923 అధికార రహస్యాల చట్టం తెల్లవాళ్ళది. గూఢచారుల కోసమని పెట్టారు. దాని నీడ తహసీల్దారు ఆఫీసు గుమాస్తా దాకా పాకింది. కాగితం అడిగితే నేరం చేసినట్టు చూసే అలవాటు అక్కడిదే.

ఆ తాళం పగలగొట్టింది లాయర్లు కాదు, కూలీలు. రాజస్థాన్‌లో దేవ్‌డూంగ్రీ అనే చిన్న ఊరు. 1990లో అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. కరువు పనులకి వెళ్ళినవాళ్ళకి కూలి తక్కువిచ్చారు. ఎందుకంటే మస్టర్ రోల్‌లో అంతే పని ఉంది అన్నారు. "ఆ మస్టర్ చూపించండి" అన్నారు కూలీలు. చూపించం, రహస్యం అన్నారు. 1994 చివరి నుంచి ఊళ్ళల్లో బహిరంగ విచారణలు పెట్టి, దొరికిన బిల్లులు జనం మధ్య చదివారు. చచ్చినవాళ్ళ పేర్లు, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు బయటపడ్డాయి. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్నంలో నలభై రోజుల ధర్నా చేశారు. అక్కణ్ణుంచి నడిచి నడిచి 2005 జూన్ 15న చట్టమైంది, అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది. మన ఉపాధి హామీ గ్రామసభల్లో మస్టర్లు పైకి చదువుతారు కదా, ఆ సామాజిక తనిఖీ తల్లివేరు అక్కడుంది.

అంటే సమాచార హక్కు చట్టం చదువుకున్నవాళ్ళ చట్టం కాదు, వేలిముద్రగాళ్ళు తెచ్చిన చట్టం. మన వేలిముద్ర తీసుకుని రిజిస్టర్ మూసేసిన సర్కారుని, అదే వేలితో రిజిస్టర్ తెరవమని అడిగిన చట్టం. చదువు రానివాళ్ళు నోటితో చెబితే అధికారే రాసుకోవడానికి సాయం చెయ్యాలని 6వ సెక్షన్లో ఉంది.

6

మా దగ్గర జరిగింది చెబుతాను. పేర్లు వద్దు, స్టేషన్ పేరూ వద్దు.

మా పేట పిల్లలిద్దరు సెంట్రింగ్ పని ముగించుకుని రాత్రి బండి మీద వస్తున్నారు. తనిఖీ అని ఆపారు. జేబులు, సంచి చూశారు. ఏ ఊరన్నారు. ఊరు చెప్పాక ఏ పేట అన్నారు. పేట చెప్పాక చొక్కాలు విప్పించి రోడ్డు పక్కన నిలబెట్టారు. ఏమీ దొరకలేదు. ఒకడి ఫోన్ ఉంచుకుని పొమ్మన్నారు. తండ్రి మూడు రోజులు తిరిగాడు. రేపు రా, మాపు రా.

అందరం కలిసి కూర్చుని సమాచార హక్కు కింద అర్జీ రాశాం. ఆవేశపు మాట ఒక్కటీ రాయలేదు. నాలుగే ప్రశ్నలు. ఆ తేదీ రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా జనరల్ డైరీ నమోదుల నకలు. ఆ రాత్రి ఆ చోట తనిఖీ చెయ్యమన్న ఉత్తర్వు నకలు, డ్యూటీలో ఉన్నవాళ్ళ వివరం. ఆ రాత్రి స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా, ఇచ్చిన రసీదుల నకళ్ళు. మర్నాటి నుంచి మూడు రోజులు స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ.

ఇరవై ఎనిమిదో రోజు జవాబొచ్చింది. అంతకు ముందు రోజు ఇంటికి కబురు పంపి ఫోన్ ఇచ్చేశారు. జవాబులో ఏముందంటే: ఆ తేదీన సదరు వ్యక్తులను సోదా చేసినట్లుగానీ, వస్తువులు స్వాధీనం చేసుకున్నట్లుగానీ రికార్డు లేదు. కెమెరా మరమ్మతులో ఉంది.

పిల్లలు నిరాశపడ్డారు, "ఏం లేదంటున్నారు కదన్నా" అని. అప్పుడు వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. లేదు అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చిన కాగితం కూడా కాగితమే. సోదా జరిగింది, చూసినవాళ్ళున్నారు. ఫోన్ తిరిగిచ్చారు, అది ఇంట్లో ఉంది. రికార్డు మాత్రం లేదు. అంటే ఆ సోదా చట్టం బయట జరిగిందని వాళ్ళే రాసిచ్చారు. ఆ కాగితం జతచేసి జిల్లా ఎస్పీకీ, ఎస్సీ కమిషన్‌కీ ఫిర్యాదు పంపాం. అది ఇంకా తేలలేదు. తేలేదాకా అడుగుతూనే ఉంటాం. ఆ పిల్లలు మాత్రం ఇప్పుడు ఎవరైనా ఆపితే తలెత్తి, "ఏ సెక్షన్ కింద సార్? రసీదు ఇస్తారా?" అంటున్నారు.

7

ఇక అందరూ అడిగిన నంబర్లు. సేవ్ చేసుకోండి, పేటలో చదివి వినిపించండి.

అరెస్టు చేశాక ఒళ్ళు సోదా చెయ్యొచ్చు: సంహిత 49. తీసుకున్న వస్తువులకి రసీదు ఇచ్చి తీరాలి. ఆడవాళ్ళని ఆడవాళ్ళే చూడాలి. ఒక చోట సోదా జరుగుతుంటే, అక్కడున్న మనిషి వస్తువు దాచాడని సహేతుకమైన అనుమానం ఉంటే అతన్నీ చూడొచ్చు: 103. అప్పుడు కూడా జాబితా రాసి నకలు ఇవ్వాలి. సోదానీ స్వాధీనాన్నీ వీడియో తియ్యాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి: 105. దొంగ సొత్తనో, నేరంతో సంబంధం ఉందనో అనుమానంతో వస్తువు తీసుకుంటే మేజిస్ట్రేటుకి తెలపాలి: 106. మన ఫోన్ పట్టుకుపోతే మొదటి ప్రశ్న ఇదే. "మేజిస్ట్రేటుకి తెలిపారా?"

దారినపోయే ఎవర్నైనా ఊరికే ఆపి ఒళ్ళు తడమొచ్చని ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో జనం ఫోన్లు తీసుకుని గంజాయి అనే మాట కోసం చాటింగులు వెతికిన వీడియో దేశమంతా చూసింది. నిజంగా గంజాయి అనుమానమే అయితే ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ ఉంది. ఒంటి మీద సోదాకి ముందు, "గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్ళమని అడిగే హక్కు నీకుంది" అని చెప్పి తీరాలి. 2010లో అయిదుగురు జడ్జీల బెంచి ఇది తప్పనిసరి అంది. విశాఖ మన్యంలో కూలికి మూటలు మోసి జైళ్ళలో పడ్డ ఆదివాసీ పిల్లలు ఈ మాట ముందు తెలుసుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఈ సెక్షన్ ఒంటి సోదాకే, చేతిలో సంచికి కాదని కోర్టు చెప్పింది.

ఇంకో జాగ్రత్త. చేత్తో అడ్డుకోవద్దు, తోసుకోవద్దు, పరిగెత్తొద్దు. కొత్త సంహిత 172 కింద, పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశం వినలేదని పట్టుకుపోవచ్చు. నోటితో అడగండి. పేరు బిళ్ళ చదవండి. టైము గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చాక రాయండి. మన డైరీ మనం రాసుకోవాలి. దెబ్బలుంటే ముందు ఆసుపత్రికి వెళ్ళి రాయించండి.

తర్వాత సమాచార హక్కు. ఎందుకు అడుగుతున్నావని వాళ్ళు అడగకూడదు: 6(2). మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. తెల్లకార్డువాళ్ళకి రుసుమే లేదు. తప్పు ఆఫీసుకి పెట్టినా అయిదు రోజుల్లో వాళ్ళే సరైన చోటికి పంపాలి. ముప్పై రోజుల్లో జవాబు, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించినదైతే 48 గంటల్లో. మనవాణ్ణి ఎత్తుకెళ్ళి ఎక్కడున్నాడో చెప్పకపోతే ఈ 48 గంటల మాట అర్జీ పైనే పెద్ద అక్షరాలతో రాయండి.

"దర్యాప్తులో ఉంది, ఇవ్వం" అంటారు. 8(1)(హెచ్) పేరు చెబుతారు. దర్యాప్తు ఉందంటే చాలదు, ఈ కాగితం ఇస్తే దర్యాప్తు ఎలా చెడుతుందో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. కొంత రహస్యం, కొంత కాదు అయితే రహస్యం కానిది విడదీసి ఇవ్వాలి: సెక్షన్ 10. ఇంటెలిజెన్స్ విభాగాలకి మినహాయింపు అంటారు. మానవ హక్కుల ఉల్లంఘనకి ఆ మినహాయింపు లేదు: సెక్షన్ 24. జవాబు రాకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత తొంభై రోజుల్లో కమిషన్.

సీసీ కెమెరాలు ప్రతి స్టేషన్‌లో ఉండాలని, లాకప్పూ వరండా అన్నీ కనపడాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. ఫుటేజీ పద్దెనిమిది నెలలు దాచాలంది, అది కుదరకపోతే ఏడాదికి మాత్రం తగ్గకూడదంది. అందుకే ఆలస్యం చెయ్యొద్దు. ఈలోపు చెరిగిపోకుండా భద్రపరచమని అర్జీతో పాటే విడిగా ఒక ఉత్తరం పెట్టండి.

ఈ తలుపు కూడా కొంత మూస్తున్నారు. 2023లో డేటా చట్టం పేరుతో సమాచార హక్కు 8(1)(జె)ని మార్చారు. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరమైనా ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులోంచి తీసేశారు. రేపు డ్యూటీలో ఎవరున్నారని అడిగితే, అది వ్యక్తిగతం అంటారు. అప్పుడు 8(2) చూపించండి. హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అక్కడ ఇంకా ఉంది. మన జేబు మాత్రం వ్యక్తిగతం కాదు, వాళ్ళ డ్యూటీ చార్టు వ్యక్తిగతం. ఈ తేడా పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి.

ఒంటరిగా వెళ్ళొద్దు. అర్జీ ఒకరి పేరున ఉన్నా సంఘం వెనక ఉండాలి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి, అక్నాలెడ్జిమెంటు దాచండి. వీలైతే ప్రతి పేటలో ఒక అట్టపెట్టె పెట్టండి. రసీదులు, ఎఫ్ఐఆర్ నకళ్ళు, ఆసుపత్రి చీటీలు, "రికార్డు లేదు" అని వచ్చిన జవాబులు అన్నీ అందులో వెయ్యండి. మన పెద్దల దెబ్బలకి కాగితం లేకుండా పోయింది. మన పిల్లల దెబ్బలకి ఉండాలి.

పదో భాగంలో పంచనామా చదవడం ఎలాగో ఒక్కో లైనూ పట్టుకుని రాస్తాను.

జై భీమ్.